సరోజనకు ఇచ్చిన విభూతి పొట్లం

మింగలేక కక్కలేక ఇన్నేళ్లుగా గొంతులో పెట్టుకున్న మాట ఒకటుంది. బరువా అంటే బరువే. కానీ మీరనుకునే రకం కాదు. దిండు తడుపుకుంటూ కుమిలిపోయిన మనిషిని కాను నేను. తిన్నాను, నవ్వాను, పెళ్లిళ్లకు పట్టుచీర కట్టుకుని పోయాను. ఆ పెళ్లిళ్లలో మా ఆడబిడ్డ సరోజన పక్కనే కూచుని భోంచేశాను. నాకు ఇష్టమని ఆమె తన విస్తట్లోని లడ్డూ తీసి నా విస్తట్లో వేసేది. అది కూడా తిన్నాను.

నా పేరు రాయను. తెలియాల్సిన మనిషి ఒక్కతే. ఆమెకు ఎదురుగా చెప్పే ధైర్యం లేకనే మీకు చెబుతున్నాను. ముందే చెబుతున్నా వినండి, ఇందులో సగానికి నేను సిగ్గుపడను. మీరు ముక్కున వేలేసుకున్నా సరే, పడను. మిగతా సగం సంగతి వేరు. దాని దగ్గరికి రావడానికి నాకు కొంచెం టైం పడుతుంది, ఓపిక పట్టండి.

ఎనభైల చివరి మాట. మేం బెల్లంపల్లిలో ఉండేవాళ్లం. మా ఆయన బొగ్గుబాయి ఆఫీసులో గుమాస్తా. క్వార్టర్లో మేమిద్దరం, మా అత్తమ్మ, నా కొడుకు. వాణ్ణి ఇక్కడ చిన్నోడు అంటాను.

చిన్నోడు నడక నేర్వలేదు, ఉరకడమే నేర్చాడు. నాలుగేళ్ల వయసులో వాడికి ఒక ముద్ద పెట్టి రెండో ముద్ద కలిపేలోపు వీధి చివర ఉండేవాడు. బాయి సైరన్ కూస్తే చాలు, తలుపు తోసుకుని రోడ్డు మీదికి. ఒకసారి బొగ్గు లారీ వాడికి మూరెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగి నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ నాకు వరసగా గుర్తున్నాయి. బాలవాడిలో చేర్పిస్తే వారం తిరక్కుండానే టీచరమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చి వదిలింది. "వీడొక్కడొస్తే కడమ పిల్లలందరు ఆగమైతున్నరమ్మా" అంది. ఏదైనా చెబితే వింటాడు, తల ఊపుతాడు, అటు తిరగ్గానే మరిచిపోతాడు. మళ్లీ రాత్రయితే నా మెడ చుట్టూ చేతులేసి, పాపం, అలిసి సొలిసి పడుకునేవాడు. వాడికీ వాడితో వేగడం కష్టంగానే ఉండేదేమో. ఆ ఆలోచన నాకు అప్పట్లో రాలేదు.

కొట్టానా? కొట్టాను. పాత చీర చింపి మంచం కోడుకు కట్టేశాను కూడా. అదీ దాచను.

ఊళ్లో వేళ్లన్నీ నా వైపే. మా ఆయన వైపు ఒక్క వేలూ లేవలేదు, ఆయన తండ్రి కానట్టు. "మా ఇంట వంట లేదు గిసొంటిది" అనేది అత్తమ్మ, వచ్చిన ప్రతి మనిషితోనూ. ఇక సరోజన. మా ఆయన చెల్లెలు. ఇచ్చోడ ఊళ్లో ఇచ్చి పెళ్లి చేశారు. ఆమె బిడ్డ స్వరూపకు తొట్టెల, అంటే ఉయ్యాల వేడుక, చేసిన రోజు, అప్పటికి మూడేళ్లు కూడా నిండని చిన్నోడు తొట్టెల పట్టుకుని వేలాడాడు. అది ఒరిగింది. పసిదానికి ఏమీ కాలేదు. కానీ సరోజన బిడ్డను ఎత్తుకుని, నిండు పందిట్లో, చుట్టాలందరూ వినేటట్టు అంది. "కంటెనే సరిపోదు వదినె, సాదుడు రావాలె."

సాదుడంటే పెంచడం, అది నాకు రాదని. విస్తర్లు ఎత్తడానికి పోయాను. ఆ మాట మాత్రం నాతోపాటు బెల్లంపల్లి దాకా వచ్చింది.

చిన్నోడికి అయిదో ఏడు నడుస్తుండగా మా తమ్ముడు ఒక దారి చూపించాడు. వాడు హైదరాబాదులో మందుల షాపులో పనిచేసేవాడు. పిల్లల మనసుకు, మెదడుకు చూసే డాక్టరు ఉన్నాడు, తీసుకురా అక్కా అన్నాడు. నేను ఇంట్లో కదిపి చూశాను. అత్తమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది. "పిచ్చి దవాఖానకు తీస్కపోతవా నా మనుమణ్ని? రేపు వానికి పిల్లనెవ్వడిస్తడు? పోతె పో, మళ్ల నా గడప తొక్కకు!" మా ఆయన పేపరు చదువుకుంటున్నాడు. ఆ పేపరు చాలాసేపు చదివాడు.

దవాఖాన బదులు వేములవాడ పోయాం. రాజన్నకు కోడెను కడతానని అత్తమ్మ మొక్కింది. కోడెను తాడు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేయాలి. మా కోడెను మేం తిప్పుతూ ఉండగానే చిన్నోడు అక్కడ కట్టేసి ఉన్న వేరేవాళ్ల కోడె తాడు ఊడదీశాడు. అది జనంలోకి ఉరికింది. దాని వెనక మావాడు, వాడి వెనక నేను, నా వెనక తిట్టుకుంటూ అత్తమ్మ. అప్పుడు ఏడుపొచ్చింది కానీ ఇప్పుడు తలుచుకుంటే నవ్వే వస్తుంది. వస్తూ వస్తూ అత్తమ్మ విభూతి తెచ్చింది, రోజూ పొద్దున వాడికి పెట్టాలని.

ఆ తరవాత జగిత్యాలలో మా తల్లిగారింటికి పోతున్నానని చెప్పి, వాణ్ణి చంకనేసుకుని హైదరాబాదు రైలెక్కాను.

డాక్టరు వాణ్ణి చాలాసేపు ఆడనిచ్చాడు. బల్ల ఎక్కితే ఎక్కనిచ్చాడు. నన్ను ఏవేవో అడిగాడు. తరవాత ఇంగ్లీషులో ఒక పొడుగు పేరు చెప్పి, నా మొహం చూసి, తెలుగులో చెప్పాడు. "ఇది మీ పెంపకం తప్పు కాదమ్మా. పిల్లాడి తప్పూ కాదు. వాడి మెదడు తీరే అంత. కొడితే పోయేది కాదు." నేను అక్కడే, ఆ కుర్చీలోనే, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. నాలుగేళ్లుగా నా గురించి ఎవరైనా అన్న మొదటి మంచి మాట అది. ఇలాంటివి ఒక్కోసారి కుటుంబాల్లో వస్తుంటాయి, మీవాళ్లలో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఎవరూ లేరన్నాను. అప్పటికి నిజమే చెప్పాను.

ఒక్కసారికి ఒక్క మాటే చెప్పమన్నాడు. అన్నం ముందు కాసేపు ఉరకనివ్వమన్నాడు. గోలీ ఒకటి రాశాడు, ఇంత చిన్నపిల్లలకు అందరికీ ఇవ్వము, వీడికి సగం ఇచ్చి చూద్దాం, మధ్య మధ్యలో తెచ్చి చూపించమన్నాడు.

ఇక మీరు ఏమనుకున్నా అనుకోండి. ఆ గోలీ నేను మా అత్తమ్మ కళ్లముందే పెట్టాను. ముందే పొడి చేసి ఉంచి, బెల్లం ముక్కలో కలిపి, పైన రాజన్న విభూతి అద్ది, దేవుడి పటం ముందు నిలబెట్టి వాడి నోట్లో పెట్టేదాన్ని. ఆవిడ చేతులు జోడించి "రాజన్నా, నీ దయ" అనేది. నేనూ జోడించేదాన్ని. మందు అయిపోయే వేళకు తమ్ముడు అక్కను చూడ్డానికి వచ్చానని వచ్చి ఇచ్చిపోయేవాడు. తప్పంటారా? అనండి. నా బిడ్డను లారీ కింద నుంచి తీసుకున్నాను. దేవుడి పేరు అడ్డం పెట్టుకున్నాను, పెట్టుకుంటాను, మళ్లీ అదే ఇల్లు అదే అత్త అయితే మళ్లీ అదే చేస్తాను. రాజన్నకు కోపం వచ్చి ఉంటే ఈపాటికి చూపించేవాడే.

వాడు రాత్రికి రాత్రి మారిపోలేదు. కానీ కూచుని తిన్నాడు. పలక పట్టుకుని అ, ఆ దిద్దాడు. బడిలో కుదిరాడు. అత్తమ్మ ఊరంతా చెప్పింది, కోడె మొక్కు ఫలించింది, మా కోడలి భక్తి గొప్పదని. అదే నోటితో. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి నా దగ్గర విభూతి అడిగి పుచ్చుకునేవాళ్లు. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తరవాత తరవాత, నిజం చెప్పాలంటే, బాగుండేది.

ఇదిగో, నేను సిగ్గుపడనన్న సగం ఇక్కడితో అయిపోయింది.

స్వరూపకు నాలుగేళ్లు వచ్చాయి. సరోజన దాన్ని తీసుకుని బెల్లంపల్లి వచ్చింది. ఆ పిల్ల గడపలో కాలు పెట్టిన తీరు చూడగానే నాకు తెలిసిపోయింది. చెప్పు ఒకటి వాకిట్లో, ఒకటి వంటింట్లో. పిలిస్తే చూడదు, చూస్తే నిలబడదు. అచ్చం చిన్నోడే. డాక్టరు అడిగిన ప్రశ్న నా చెవిలో మోగింది. ఇంటా వంటా ఉంది, వాళ్ల ఇంట్లోనే ఉంది.

"నాతోని అయితలేదు వదినె. మస్తు పరేషాన్ జేస్తుంది. మా అత్త నన్ను బతకనిస్తలేదు" అంది సరోజన. పందిట్లో నన్నన్న మనిషేనా అన్నట్టు చిక్కిపోయి ఉంది. చిన్నోడికి ఏం చేశావో చెప్పమంది. నేను లేచి దేవుడి అర దగ్గరికి పోయాను. కాగితంలో విభూతి పొట్లం కట్టాను. రోజూ పొద్దున బెల్లంలో అద్ది పెట్టు, కోడెను కట్టు అని చెప్పాను. ఆమె పొట్లాన్ని కళ్లకద్దుకుని కొంగున ముడి వేసుకుంది.

కొన్ని నెలల తరవాత మళ్లీ వచ్చింది. స్వరూప మొహం వాడిపోయి ఉంది. ఆ పిల్లకు నీళ్లు పోస్తానని నేనే బాత్రూములోకి తీసుకుపోయాను. గౌను విప్పితే పొట్ట మీద వాతలు. సరోజన అత్తవారు పక్క ఊరి మనిషి దగ్గరికి తీసుకుపోయి కాల్పించారు, మొక్కుకు లొంగనిది వాతకు లొంగుతుందని. పుండ్లు మానాయి, మచ్చలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నేను చెంబు పట్టుకుని నిలబడిపోయాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి అంది. "అత్తా, నేను ఉరుకుతలేను గదా? మంచిగున్న గదా?" అంటూనే ఉంది, తడి బండ మీద దాని కాళ్లు రెండూ ఆగకుండా ఆడుతూనే ఉన్నాయి.

నీళ్లు పోసి, తుడిచి, గౌను తొడిగి బయటికి తెచ్చాను. అత్తమ్మ గుడికి పోయి ఉంది. ఇంట్లో వేరే ఎవరూ లేరు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఎవరికి దొరుకుతుంది?

సరోజనే అడిగింది. "వదినె, నువ్వు జెప్పినట్టే జేసిన. కోడెను గట్టిన. పొద్దుగాల్ల తానం జేసి ఇబూతి పెట్టిన. సోమవారాలు ఒక్కపొద్దు ఉన్న. చిన్నోనికి తగ్గె, దీనికెందుకు తగ్గలే? నా మొక్కుల ఏం తప్పు జరిగింది? జర జెప్పు."

నేను ఏమన్నానో చెబుతున్నాను. ఈ మాట కోసమే ఇదంతా రాశాను.

"ఏమో సరోజనా. నీకు నమ్మకం జర తక్కువైందేమో."

ఆమె వాదించలేదు. "అంతే కావచ్చు. మా అత్త గూడ గదే అంటది" అంది.

భయపడి అలా అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. సరోజనకు చెబితే అత్తమ్మకు చేరుతుంది, చేరితే నా కొడుకు మందు ఆగిపోతుంది, నేను గడప బయట ఉంటాను అని. అబద్ధం కాదు, ఆ భయం ఉంది. కానీ ఆ తరవాత కొన్నేళ్లకు అత్తమ్మ పోయింది. చిన్నోడి మందు అంతకు ముందే డాక్టరు మానిపించాడు. ఇక భయం దేనికి? అయినా నోరు విప్పలేదు. అంటే భయం కాదన్నమాట. పందిట్లో అన్న ఆ మాటకు బదులు తీర్చుకున్నాను. సాదుడు రావాలె అందిగా, సాదు చూద్దాం అనుకున్నాను. ఆ పిల్ల పొట్ట చూసి వచ్చి, చేతులు ఇంకా తడిగా ఉండగానే అనుకున్నాను. నేను అంత చెడ్డదాన్నా అని అడుగుతారేమో. ఆ పూటకు అంత చెడ్డదాన్నే.

గోలీ ఇవ్వలేదని కాదు నా బాధ. ఆ గోలీ స్వరూపకు ఇవ్వాలో వద్దో డాక్టరు చూసి చెప్పాలి, నేనెవర్ని? కానీ ఆ డాక్టరు అన్న మాట ఉందే, తప్పు తల్లిది కాదు అన్న మాట, అది నా దగ్గర ఉంది. దానికి మందుల షాపు అక్కర్లేదు. తమ్ముడు అక్కర్లేదు. అదే నన్ను బతికించింది. దాన్ని దాచుకుని, సరిగ్గా దానికి ఎదురు మాట ఆమె చేతిలో పెట్టాను.

స్వరూపను ఏడో తరగతితో బడి మాన్పించారు. ఇప్పుడు ఇచ్చోడలోనే బట్టలు కుడుతుంది, చేతి వేగం చూస్తే ముచ్చటేస్తుంది. నన్ను అత్తా అని ప్రేమగానే పిలుస్తుంది. సరోజన ఇప్పటికీ సోమవారాలు ఒక్కపొద్దు ఉంటుంది. ఎవరింట్లో ఏ పిల్లకు ఒంట్లో బాగాలేకపోయినా, మంచిగా నమ్మి మొక్కుండ్రి, నేను నమ్మక చెడిన అని చెబుతుంది. నా ఎదురుగానే చెబుతుంది. నేను తల ఊపుతాను.

మీరు నన్ను మన్నించాలని రాయలేదు. మీ మన్నింపు నాకెందుకు, మీ పిల్లకు పెట్టారా వాత? సరోజన మన్నిస్తుందని కూడా అనుకోను, ఆమె స్థానంలో నేనుంటే మన్నించను. ఒక్కసారి ఈ మాట నా గొంతు దాటి బయట పడాలి, అంతే. ఇది ఆమె కంట పడితే పడనీ.

సరోజనా, నీ నమ్మకం తక్కువ కాలేదు. నీ సాదుడులో తప్పు లేదు, నీ బిడ్డలో తప్పు లేదు. ఆ రోజు ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.