నేను తీసేయమన్న కదలిక

మా అమ్మాయి మూడు వారాలు కూర్చుని చేసిన పనిని నేను ఒక్క పూటలో తీసేయించాను. ఊరికే కాదు, లెక్క వేసి చూపించి తీసేయించాను. ఆ లెక్కను తరువాత చాలాసార్లు సరిచూసుకున్నాను. కూడికలో తప్పు లేదు.

నేను ముప్పై నాలుగేళ్లు శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలకు టీకాలు వేసిన ఏఎన్‌ఎంని. రిటైరై తొమ్మిదేళ్లయింది. ఉద్యోగం అయిపోయినా తేదీలు రాసుకునే అలవాటు పోలేదు. గ్యాస్ సిలిండర్ ఏ రోజు మార్చామో, నీళ్ల ట్యాంకరు ఎన్ని రోజులకు వచ్చిందో ఇప్పటికీ రాస్తాను. రాసినంత మాత్రాన సిలిండర్ రెండు రోజులు ఎక్కువ రాదని మా అమ్మాయి అంటుంది. రాకపోవచ్చు. ఎప్పుడు అయిపోతుందో మాత్రం నాకు ముందే తెలుస్తుంది.

అమ్మాయి మొబైల్ యాప్‌లు చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. నెలలో ఎక్కువ రోజులు ఇంట్లోనే, హాల్లో కిటికీ పక్కన బల్ల వేసుకుని. విమానం ఇంటి మీదుగా దిగుతున్నప్పుడు ఫోన్లో అవతలివాళ్లను ఒక్క నిమిషం ఆగమని, అది పోయాక మళ్లీ మాట్లాడుతుంది. ఆ మధ్య వాళ్ల కంపెనీకి ఒక స్వచ్ఛంద సంస్థ పని వచ్చింది. కాటేదాన్ ఫ్యాక్టరీల వెనక రేకుల గదుల్లో కిరాయికుండే కూలీల పిల్లలకు ఆ సంస్థ టీకాలు వేయిస్తుంది. ఏ బిడ్డకు ఏ టీకా ఎప్పుడు వేయాలో నర్సుకు చూపించే యాప్ కావాలన్నారు.

మా కాలంలో ఆ పని ఒక గుడ్డ సంచి చేసేది. గోడకు తగిలించుకునే సంచి, పన్నెండు జేబులు, జేబుకొక నెల. బిడ్డకు సూది వేయగానే ఆ బిడ్డ కార్డును ఈ నెల జేబులోంచి తీసి, మళ్లీ రావలసిన నెల జేబులో పెట్టాలి. సాయంత్రానికి ఈ నెల జేబులో ఎవరి కార్డు మిగిలిందో వాళ్లు రానట్టు. వాళ్ల ఇంటికి మనమే నడిచి పోవాలి. నా సంచి ఇంట్లోనే ఉంది. అమ్మాయి దాన్ని ముందు పెట్టుకుని ఆ యాప్ చేసింది.

స్క్రీన్ మీద ఆ రోజు రావలసిన పిల్లల కార్డులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. కార్డును తాకితే అదే పెరిగి పెద్దదై పేజీ అయ్యేది. వెనక్కి వస్తే పేజీ ముడుచుకుని మళ్లీ కార్డయి తన చోట కూర్చునేది. కార్డు మీద 'వేశాను' అనే బటన్ నొక్కితే కార్డు కొంచెం పైకి లేచి, చిన్నదై, స్క్రీన్ అడుగున ఉన్న వచ్చే నెల జేబులోకి జారిపోయేది. అది పూర్తిగా పోయాకే కింది కార్డులు మెల్లగా పైకి జరిగేవి. ఈ కదలికల కోసమే మూడు వారాలు. ఎంత వేగంతో మొదలవ్వాలి, చివర ఎంత నెమ్మదించాలి అనుకుంటూ ఒకే కార్డును రోజంతా జేబులోకి పంపుతూ కూర్చునేది. కళ్లు ఎర్రబడేవి. ఇంత బొమ్మలాట ఎందుకని అడిగాను.

"ఉన్నది పోయి ఇంకోటి వచ్చేటప్పుడు, పోయింది యాడికి పోయిందో కంటికి తెలవాలెనమ్మా. తెలవకుంటే మనిషి పరేషాన్ అయితడు," అంది.

సరేనని ఊరుకున్నాను. కానీ సంస్థవాళ్లు నర్సులకు ఇచ్చేది తక్కువ ధర ఫోన్. చూసుకోమని ఒకటి మా ఇంటికీ పంపారు. అమ్మాయి ఫోన్లో నీళ్లలా జారిన కార్డు ఇందులో ఆగి ఆగి కదిలింది. గడియారం ముందు కూర్చుని యాభైసార్లు నొక్కి చూశాను. ఒక్కో కదలికకు దాదాపు ఒక సెకను. కార్డు తెరవడం, మూయడం, జేబులోకి పంపడం, బిడ్డకు మూడు కదలికలు. నలభై మంది పిల్లలకు నూట ఇరవై. అంటే రెండు నిమిషాలు. రేకుల కింద ఉక్కపోతలో, ఏడ్చే పిల్లల మధ్య నిలబడ్డ మనిషి రెండు నిమిషాలపాటు బొమ్మ కదలడం చూస్తూ ఉండాలన్నమాట. లెక్క రాసి అమ్మాయి బల్ల మీద పెట్టాను. ఆ రెండు నిమిషాల్లో నేనైతే ఇంకో బిడ్డకు సూది వేసేదాన్నని కూడా అన్నాను.

ఆమె ఆ కాగితం చాలాసేపు చూసింది. వాళ్ల మేనేజరు కూడా యాప్ నెమ్మదిగా ఉందని రెండుసార్లు అన్నాడట. వాదించే ఓపిక లేనట్టుంది. మధ్యాహ్నానికి మొత్తం తీసేసింది. ఇప్పుడు నొక్కగానే కార్డు మాయమై, అదే క్షణం కింది కార్డు దాని చోట ఉంటోంది. మూడు వారాల పని తీసేయడానికి గంట కూడా పట్టలేదు.

యాప్‌ను మొదట ఒక్క నర్సుకే ఇచ్చి చూద్దామన్నారు. ఆమెది చిన్న వయసు, బుద్వేల్ నుంచి వస్తుంది. ఏడాది కాంట్రాక్టు, ఇంటికి ఆ జీతమే ఆధారం. రెండు పూటలు మా ఇంటికి పిలిచి యాప్ నేనే నేర్పాను. సూది పట్టే చేయి చూస్తే మనిషి తెలుస్తుంది. ఆమెది తొందరపడని చేయి.

బుధవారం, శనివారం టీకాలు వేసే రోజులు. యాప్ ఇచ్చాక మూడో బుధవారం టీకాలైన మరునాడు పొద్దున సంస్థ సూపర్‌వైజరు మా అమ్మాయికి ఫోన్ చేశాడు. ఆయనది కోస్తా వైపు, మాట మెత్తగా ఉంటుంది. వాడిన సిరంజీలు ముప్పై ఎనిమిదట, యాప్‌లో వేసినట్టున్న పిల్లలు నలభై మందట. ఆరా తీస్తే ఇద్దరు పిల్లలు ఆ రోజు అసలు రానేలేదట. కార్డులు వచ్చే నెలలోకి పోయాయి కాబట్టి వాళ్లను పిలుచుకురావడానికి కూడా ఎవరూ పోలేదు.

"రాని పిల్లలకు వేసినట్టు పెట్టిందండి. టార్గెట్ నిండాలని ఇలా చేసేవాళ్లను చాలామందిని చూశాను. శనివారానికి వేరే నర్సును పెట్టుకుంటాం," అన్నాడు.

నేను పక్కనే కూర్చుని విన్నాను. ఆయన మాట నమ్మాను కూడా. అలాంటివాళ్లు నా ఉద్యోగంలో నాకూ తగిలారు, ఒకామె మీద నేనే రిపోర్టు రాశాను. ఆ చేయి చూసి మోసపోయానే అనుకున్నాను.

మధ్యాహ్నం ఆ నర్సు నాకే ఫోన్ చేసింది. ఏడవలేదు. ఏడ్చి అయిపోయిన గొంతు.

"మేడమ్, నేను ఒత్తిన. పోయిందో లేదో తెల్వలే. మళ్లొక్కసారి ఒత్తిన. గంతే. ఇగ నేనేం చెప్పాలె?"

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నన్ను వదలలేదు. అబద్ధం చెప్పేవాళ్లు ఇంకా పెద్ద కథ చెబుతారు. ఏ బటన్ ఏ నిమిషంలో ఏ సెకనులో నొక్కారో యాప్‌లో ఉంటుందా అని అమ్మాయిని అడిగాను. ఉంటుందని, బుధవారం జాబితా తీసి ఇచ్చింది. నలభై వరసలు. బిడ్డకూ బిడ్డకూ మధ్య రెండు నిమిషాలు, మూడు నిమిషాలు, ఒకచోట ఆరు. రెండు చోట్ల మాత్రం సెకను కూడా లేదు. రాని ఇద్దరు పిల్లలవీ ఆ రెండే. ఒకటి టీకాలు మొదలైన కాసేపటికి, ఇంకొకటి మధ్యలో. దొంగలెక్క రాసేవాళ్లు ఇలా రాయరు. అంతా అయిపోయాక కూర్చుని ఒకేసారి కొడతారు.

అప్పుడు నాకు టీకాల డబ్బా గుర్తొచ్చింది. అందులో ఐస్ ప్యాక్‌లుంటాయి. ప్రతి బిడ్డకూ అందులోంచి మందు సీసా తీయాలి. వేళ్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. తడి వేలికి ఈ ఫోన్ ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. పలకనప్పుడు మళ్లీ నొక్కడం అలవాటవుతుంది.

ఫ్రిజ్‌లోంచి ఐస్ తెచ్చి గిన్నెలో వేసి, వేలు ముంచి యాభై కార్డులు పంపాను. యాభై అనుకున్నాను, లెక్క చూస్తే యాభై నాలుగు పోయాయి. ఆ నాలుగు ఎప్పుడు పోయాయో నాకు తెలియలేదు. కార్డులన్నీ ఒక్కలాగే ఉంటాయి. నెలల పిల్లలకు ఇంకా పేరు పెట్టి ఉండరు కాబట్టి అన్నిటి మీదా తల్లి పేరు, పక్కన పాప అనో బాబు అనో ఉంటుంది. ఒక కార్డు పోయి అలాంటిదే ఇంకొకటి అదే చోటికి వస్తే ఏమీ జరగలేదనే అనిపిస్తుంది. వేలి కింద అదే బటన్ ఉంటుంది.

కార్డు జేబులోకి జారుతున్న ఆ ఒక్క సెకను ఉండి ఉంటే రెండోసారి ఎవరూ నొక్కరు. నొక్కినా ఏమీ కాదు, అప్పటికింకా కింది కార్డు పైకి వచ్చి ఉండదు. ముప్పై నాలుగేళ్లు చేత్తో కార్డు తీసి చేత్తో ఇంకో జేబులో పెట్టినదాన్ని. ఆ చేయి కదిలినంతసేపే ఈ బిడ్డ పని అయిందని మనసుకు ఎక్కేది. దాన్నే అమ్మాయి స్క్రీన్ మీదికి తెస్తే నేను బొమ్మలాట అన్నాను.

అమ్మాయిని పిలిచి చూపించాను. ఆమె కూడా వేలు ముంచి నొక్కి చూసింది. తప్పు యాప్‌లో ఉందని చెబితే సంస్థవాళ్లు పని వెనక్కి తీసుకోవచ్చని, కంపెనీలో తన మీదికే వస్తుందని మెల్లగా అంది. తీసేయమన్నది నేనే కాబట్టి నేనే చెబుతానన్నాను.

"నీకు తెల్వక అన్నవమ్మా. నాకు తెలిసి కూడా తీసిన," అంది.

శుక్రవారం ఇద్దరం ఆటోలో కాటేదాన్ పోయాం. సంస్థ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. రెండుచోట్ల ఆగి ఎక్కాను. నర్సును కూడా అప్పుడే పిలిపించినట్టున్నారు, గోడ పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి నమస్కారం పెట్టింది, దగ్గరికి రాలేదు.

జాబితా చూపిస్తే సూపర్‌వైజరు తల ఊపాడు గానీ నమ్మలేదు. ఒక ఐస్ ప్యాక్ తెప్పించమన్నాను. దాన్ని చేత్తో పట్టుకుని, ఆ తడి వేలితోనే పది మంది పిల్లలకు వేసినట్టు నొక్కమన్నాను. ఆయన నోటితో లెక్కపెట్టుకుంటూ నొక్కి, పది అయిందని ఫోన్ బల్ల మీద పెట్టాడు. అమ్మాయి తిప్పి చూపించింది. పదకొండు. ఇంకోసారి నొక్కాడు. ఈసారి పన్నెండు. ఆయన ఫోన్ పక్కన పెట్టి వేలు తుడుచుకున్నాడు.

ఇది ముందే ఎందుకు చూసుకోలేదని మా అమ్మాయిని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే, ముందు ఒక కదలిక ఉండేదని, అది దండగని లెక్క కట్టి తీసేయించింది నేనేనని చెప్పాను.

"కంపెనీలో మీరు ఏం చేస్తారండీ?" అన్నాడు.

"ఏం చెయ్య. ఈ పిల్ల తల్లిని," అన్నాను.

గోడ పక్కనుంచి నర్సు నవ్వినట్టు వినబడింది. అది నవ్వో కాదో నేను తిరిగి చూడలేదు.

ఆమెను తీసేయలేదు. యాప్‌నూ వద్దనలేదు, సరిచేసేదాకా కాగితం మీద రాసుకోమన్నారు. కంపెనీవాళ్లు మాత్రం అమ్మాయిని గట్టిగానే అన్నారు. ఏమన్నారో నాకు చెప్పలేదు. సోమవారానికి ఆమె ఒక్క కదలికనే తిరిగి పెట్టింది, కార్డు జేబులోకి పోయేది. ఆగి ఆగి కదలకుండా ఆ ఫోన్‌కు సరిపడేలా తేలిక చేసింది. ఇప్పుడది అర సెకనే. ఆ అర సెకనులో ఏ బటన్ నొక్కినా పలకదు. పేజీలు పెరగడం, ముడుచుకోవడం తిరిగి పెట్టలేదు. పెట్టమని నేను అడగలేదు, వద్దని కూడా అనలేదు.

టీకా పడని ఇద్దరిలో ఒక బిడ్డ శనివారమే దొరికింది. రెండో బిడ్డ తల్లిదండ్రులు గది ఖాళీ చేసి బడంగ్‌పేట్‌లో కట్టడం పనికి పోయారు. మంగళవారం నర్సు వెతకడానికి పోతుంటే నేనూ ఆటో ఎక్కాను. వద్దంటుందనుకున్నాను, అనలేదు. కట్టే ఇళ్లు అక్కడ ఒకటా రెండా. నాలుగుచోట్ల దిగి అడిగాం, ఐదోచోట ఇటుకల కుప్ప వెనక చీర ఊయలలో ఆ బిడ్డ నిద్రపోతోంది. తల్లి సిమెంటు చేతులు కడుక్కుని వచ్చి ఎత్తుకుంది. నర్సు సూది వేసింది. బిడ్డ ఏడ్చి, తల్లి భుజం మీద మళ్లీ నిద్రపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారి దాటాక, ఆమె బయటికి చూస్తూనే అంది.

"మీరు వచ్చి చెప్పిన్రు, నా నౌకరి ఉన్నది. గది నేను మర్వ మేడమ్. కానీ ఆ రెండు రోజులు మా అత్తగారింట్ల నన్ను దొంగను చూసినట్టు చూసిన్రు. ఇప్పటికీ మా ఆయన, నిజంగనే కావాలని ఒత్తలేదా అని అడుగుతడు."

వాళ్ల ఇంటికి వచ్చి నేను చెప్పనా అని అడిగాను. ఎన్ని ఇళ్లకు వచ్చి చెప్తరు మేడమ్ అంది. అందులో కోపం లేదు, అలసట ఉంది.

బుద్వేల్ మలుపులో ఆటో ఆపించింది. టీకాల డబ్బా పట్టి అందించబోతే, మీరు కూసోన్రి అని తనే దింపుకుంది. రేపు టీకాలు ఎన్నింటికి మొదలుపెడతారని అడిగాను. తొమ్మిదింటికి అని చెప్పి, డబ్బాను భుజానికి తగిలించుకుని సందులోకి పోయింది.