కంపెనీ వాడికేం తెలుసు!

మా తాతకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ యంత్రాన్నీ కంపెనీ చేసినట్టు ఉండనివ్వడు. "కంపెనీ వాడికేం తెలుసు!" అంటూ స్క్రూడ్రైవర్ తీస్తాడు. ఫ్యాను వేగం పెంచితే గోడ మీది క్యాలెండరు పక్కింట్లో దొరికింది. కుట్టుమిషన్‌కు మోటారు బిగిస్తే, అది దిండు గలీబుతో పాటు అమ్మమ్మ కొంగునూ కలిపి కుట్టేసింది. ఆ పూట అమ్మమ్మ ఆ గలీబును ఈడ్చుకుంటూనే వంట చేసింది.

తాత ఒకచోట కూర్చోలేడు. కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది, స్టార్టు చేసి వదిలేసిన ఇంజనులా.

షెడ్డు ముందు మాత్రం కుర్రకారు బారులు తీరుతారు. తాత చెయ్యి పడితే గాడిదైనా గుర్రమవుతుందని పేరు. అది విని బాబాయ్, అంటే తాత చిన్నల్లుడు, కొత్త బైకు తెచ్చాడు.

"మామయ్యా, ఆదివారం ఆఫీసువాళ్ళతో పందెం. ఓడినవాడు నెలంతా అందరి బళ్ళూ కడగాలి. నా పరువు మీ చేతుల్లో ఉంది."

ఏడో నెల కడుపుతో ఉన్న పిన్ని గుమ్మంలోంచే అరిచింది. "నాన్నా! దాని స్పీడు పెంచావో, నీకూ నాకూ మాటల్లేవు!"

"నువ్వుండవే. కంపెనీ వాడికేం తెలుసు!" తాత అప్పటికే ముందు చక్రం విప్పేశాడు.

మూడు రోజులు షెడ్డులో ఒకటే సుత్తి మోత. పిన్ని అన్నంత పనీ చేసింది, మాట్లాడలేదు.

ఆదివారం బండి ఉరుముతూ బయల్దేరింది. గంటకు బాబాయ్ మొహం మాడ్చుకుని తిరిగొచ్చాడు.

"ఏం చేశారు మామయ్యా! ముల్లు నూటిరవై చూపిస్తోంది, పాలవాడి మోపెడ్ నన్ను దాటిపోయింది! వెనక్కి తిరిగి జాలిగా చూశాడు కూడా!"

"ముల్లుకు కాస్త హుషారెక్కించా. సైలెన్సర్‌కు గొంతు పెంచా. మీ కుర్రాళ్ళకు కావలసింది ఆ రెండేగా?"

"మరి మూడు రోజులూ ఏం చేసినట్టు?"

"బ్రేకులు. ఈ షెడ్డుకొచ్చిన ప్రతి బండికీ ముందు అవే."

బాబాయ్ గొంతు తగ్గింది. "మలుపులో గోడౌన్‌లోంచి ఓ లారీ వెనక్కొచ్చింది..."

"ఎంత దూరంలో ఆగావ్?"

"జానెడు."

"జానెడేనా? మూరెడుండాలే!" తాత మళ్ళీ చక్రం విప్పడం మొదలెట్టాడు.

గుమ్మంలోంచి అంతా విన్న పిన్ని, మూడు రోజుల మౌనం వదిలి నోరు విప్పింది. "నాన్నా, కాఫీ తాగుతావా?"

అమ్మమ్మకు మాత్రం ఒళ్ళు మండింది. "మరి నా కుట్టుమిషన్‌ను ఎందుకు పరుగెత్తించారండీ?"

తాత తల కూడా ఎత్తలేదు. "దానికి ఎదురుగా లారీలు రావుగా!"