నాగదుర్గ చెరువు కేకు

నాకు అనుమానం ఎక్కువ. మా ఇంట్లో దాన్ని జబ్బంటారు, నేను ఉద్యోగమంటాను. అల్లవరం దాటి సముద్రం వైపు పోతే కాశీవిశ్వనాథం గారి ఆరు రొయ్యల చెరువులున్నాయి. వాటి మీద సూపర్‌వైజర్ని నేను. పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. గేటు పక్క పాకలో కుర్చీ వేసుకుని, ఎండైనా వానైనా నల్ల గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. మూడేళ్ళ కిందట, చెరువు ఖాళీ చేసి రొయ్యలు పట్టే రోజున, ఒక కూలీ క్యారేజీలో అన్నం కింద రెండు కిలోల రొయ్యలు దాచుకుని, నాకు నమస్కారం పెట్టి మరీ దర్జాగా వెళ్ళిపోయాడు. ఆ మర్నాటి నుంచి గేటు దాటే ప్రతి గిన్నె మూతా నా ముందు తెరుచుకోవలసిందే. కొందరు గొణుగుతారు. గొణగనీ.

నాగదుర్గ మాత్రం ఎప్పుడూ గొణగలేదు. ఊళ్ళోకి పోతున్నప్పుడు నేను అడిగేలోపే మూత తీసి నా ముందు పెట్టేది. "చూసుకోండి బాబాయిగారూ" అనేది. అడక్కుండానే చూపించే మనిషిని మరీ జాగ్రత్తగా చూడాలన్నది నా పద్ధతి.

ఆమె భర్త గంగబాబు ఒకప్పుడు చేపల వేటకి పడవ మీద వెళ్ళేవాడు. తాడు చుట్టుకుని కుడిచేతి మూడు వేళ్ళు పనికిరాకుండా పోయాక మా దగ్గర కాపలాకి కుదిరాడు. జీతం అతనికే, పని మాత్రం ఇద్దరూ చేస్తారు. మూడో చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో కాపురం. పొద్దున్నే తెప్ప ఎక్కి, తాడు పట్టుకు లాక్కుంటూ చెరువంతా మేత చల్లేది ఆమే. ఓ గంట పోయాక నీళ్ళలోంచి ఒక రొయ్యని తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుని, దాని ఒంట్లో నల్లగీత చూసి, "ఇయ్యాల అర బస్తా తగ్గించండి, వీటి కడుపు నిండే ఉందండి" అనేది. కంపెనీ పంపిన టెక్నీషియన్ వచ్చి, గంటసేపు నీళ్ళు పరీక్ష చేసి, అదే మాట చెప్పి పోయేవాడు. ఇంత తెలిసిన మనిషి ఊరికే ఉంటుందా? తెలివైనవాళ్ళని చూస్తే నాకు ముందు భయం, తరవాతే మెచ్చుకోలు.

పైగా ఆమె ఏదీ పారేయదు. ఖాళీ మేత సంచులు కుట్టి షెడ్డుకి పరదాలు కట్టింది. తెగిన తాళ్ళు పేని మంచానికి అల్లింది. ప్రతిదీ నన్ను అడిగే తీసుకుంది. ఇన్ని అడిగి తీసుకునే మనిషి అడక్కుండా ఎన్ని తీసుకుంటోందో అని నా బాధ.

వాళ్ళకి ఒక్కతే కూతురు, రేవతి. నాలుగో తరగతి. ఒక బుధవారం సాయంత్రం బడి నుంచి వస్తూ గేటు దగ్గర ఆగింది.

"తాతగారూ, ఆదివారం నా పుట్టినరోజండి. మా అమ్మ కేకు చేత్తాదండి. మా చెరువు కేకు. మా క్లాసోళ్ళు అయిదుగురు నాలుగింటికి వత్తారండి. మీరు గేటు తియ్యాలండి."

"మా చెరువేమిటే?"

"ఆయ్. మూడో చెరువండి" అంది, పొలం పాసుపుస్తకం తన పేరనే ఉన్నట్టు.

విషయం ఆరా తీశాను. క్లాసులో ఒక పిల్ల పుట్టినరోజుకి అమలాపురం బేకరీ నుంచి కోట ఆకారంలో కేకు తెప్పించారట. నీకేం కేకు అని ఆ పిల్ల అడిగితే, రేవతి ఊరుకోలేక మా చెరువు కేకు అనేసిందట. రొయ్యలు, చెట్లు, నీళ్ళు అన్నీ ఉంటాయని కూడా చెప్పిందట. కూతురు అన్న మాట నిలబెట్టడం తల్లి వంతయింది. బేకరీలో కనుక్కుంటే గంగబాబు పది రోజుల జీతమంత ధర చెప్పారట. అందుకని ఇంట్లోనే చేస్తుందట.

నేను నమ్మానా? నమ్మలేదు. ఆరు చెరువుల ఆసామి ఇంటికే కేకు బజారు నుంచి వస్తుంది. గట్టు మీద రేకుల షెడ్డులో, కట్టెల పొయ్యి మీద కేకు! అసలు సంగతి వేరే ఉంది. వచ్చే గురువారం మూడో చెరువులో రొయ్యల పట్టుబడి. రొయ్యలు కిలోకి నలభై తూగే సైజుకి వచ్చాయి. ధర ఊపు మీద ఉంది. సరిగ్గా ఆ ముందు ఆదివారమే పుట్టినరోజు రావడం, బయటి పిల్లలు సంచులతో రావడం నాకేమీ నచ్చలేదు.

మర్నాడు నాగదుర్గ నా పాక దగ్గరికొచ్చింది. "బాబాయిగారూ, మన చెరువులో పోసే సోడా, కేకులో ఏసే సోడా ఒకటేనాండీ?"

మా గొడౌనులో నీళ్ళ కోసం సోడా బస్తాలుంటాయి. బెల్లం, ఈస్టు, తవుడు కూడా ఉంటాయి. డ్రమ్ముల్లో పులియబెట్టి చెరువుల్లో వదులుతాం. అంటే కేకుకి కావలసిన సరుకు సగం నా తాళం కిందే ఉందన్న మాట.

"ఎందుకడుగుతున్నావు?" అన్నాను.

"ఊరికేనండి."

ఊరికే అన్న మాట వింటే చాలు, నా చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఆ సాయంత్రమే బస్తాల మూతులన్నీ విప్పి నా పద్ధతిలో మళ్ళీ కట్టాను. నా ముడి నాకు తప్ప ఇంకొకరికి రాదు.

శుక్రవారం ఆమె కొంగునిండా శంఖుపూలు కోసుకొచ్చింది. పూజకా అంటే కాదంది. శనివారం తట్టెడు ఇసుక జల్లించి ఎండబెట్టింది. ఎందుకంటే "పొయ్యి మీదకండి" అంది. ఇసుకని పొయ్యెక్కించే మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. సాయంత్రం గంగబాబు షెడ్డు వెనక మా పెద్ద డేగిసా తోముతూ కనిపించాడు. ఆ డేగిసా పట్టుబడి రోజున కూలీలందరికీ అన్నం వండడానికి తప్ప బయటికి రాదు.

"కేకుకి ఇంత డేగిసా ఎందుకురా?"

"రేకు డబ్బా పట్టాలి కదండీ" అని తల దించుకున్నాడు.

నేను దొంగ అన్న మాట అననే లేదు, వాడు భుజాలు తడుముకున్నాడు. రొయ్యలు ఉడకబెట్టి, పుట్టినరోజు పేరు చెప్పి, పిల్లల సంచుల్లో గేటు దాటిస్తారు. లెక్క తేలిపోయింది. కంచే చేను మేస్తే ఇక అనేదేముంది?

ఆదివారం పదకొండింటికి షెడ్డు దగ్గర పొగ లేచింది. కాశీవిశ్వనాథం గారికి ఫోను చేసి, "ఇవాళ దొరుకుతారండి" అని చెప్పి, గొడుగు తీసుకుని గట్టు మీద నడిచి వెళ్ళాను.

పొయ్యి మీద డేగిసా. దాని మీద పళ్ళెం, పళ్ళెం మీద ఇటుక. పక్కన నాగదుర్గ చెమటలు కక్కుతూ కట్టెలు వెనక్కి లాగి సెగ తగ్గిస్తోంది. రేవతి కొత్త గౌను వేసుకుని చాప మీద కూర్చుని ఉంది.

"మూత తియ్యి" అన్నాను.

"ఇప్పుడు కాదండి బాబాయిగారూ, మీకు పుణ్యం ఉంటాది. ఇంకో అరగంట ఆగండి. ఇప్పుడు తీత్తే కూలిపోద్దండి."

మూడేళ్ళలో మొదటిసారి నాగదుర్గ మూత తియ్యనంది. ఇంకేం కావాలి నాకు? గొడుగు కర్రతో ఇటుకని పక్కకి తోసి, తువ్వాలుతో పట్టుకుని మూత ఎత్తాను.

రొయ్యల వాసన రాలేదు. బెల్లం వాసన, కొబ్బరిపాల వాసన వచ్చాయి. అడుగున ఇసుక, ఇసుక మీద పాత బిస్కెట్ల రేకు డబ్బా, డబ్బా నిండా పొంగిన కేకు. ఇంకా లేత రంగులోనే, పచ్చిగా ఉంది. నేను చూస్తుండగానే దాని నడుమ ఒకసారి వణికింది, మెల్లగా కుంగింది, అలా అలా అడుగుకంటా దిగిపోయింది. చుట్టూ అంచులు మాత్రం నిలబడ్డాయి.

నాగదుర్గ నా చేతిలోంచి మూత తీసుకుని మళ్ళీ పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

"కూలిపోయిందామ్మా?" అంది రేవతి. ఇంట్లో గుడ్లు ఇంకో నాలుగు లేవు, మైదా లేదు. నాలుగింటికి అయిదుగురు పిల్లలు వస్తారు, సోమవారం బడంతా అడుగుతుంది.

దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని వచ్చేశాను. వచ్చి ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. గొడౌను తాళం తీసి బస్తాల ముడులు చూశాను. అప్పటికీ నా మనసు ఊరుకోలేదు మరి. ముడులన్నీ నేను కట్టినట్టే ఉన్నాయి. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో గంగబాబు.

"సోడా మా ఆవిడ ఊళ్ళో కొట్లో చిన్న పొట్లం కొన్నాదండి. బెల్లం కూడా కొట్లోదేనండి. చెరువులో పోసే సరుకు పిల్లకి పెట్టుకుంటామాండీ?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

అప్పుడే ఫోను మోగింది. "ఏమండీ, దొరికేరా?" అన్నారు కాశీవిశ్వనాథం గారు.

"కేకండి" అన్నాను.

"ఏ కేకు?"

"పుట్టినరోజు కేకండి. నేను మూత తీసేసరికి కూలిపోయిందండి."

ఆయన, "మీరూ మీ అనుమానాలూనూ!" అని పెట్టేశారు.

ఒంటిగంట దాకా పాకలో కూర్చోలేక, నిలబడలేక, చివరికి జేబులో డబ్బు పెట్టుకుని మళ్ళీ షెడ్డుకి వెళ్ళాను. నాగదుర్గ కేకుని విస్తరాకు మీదికి దింపి, నడుమ పచ్చిగా ఉన్నదంతా గరిటెతో తీసేస్తోంది. మూడోవంతు గిన్నెలోకి వెళ్ళిపోయింది.

"అమలాపురం పోయి మంచి కేకు పట్టుకొచ్చేస్తానమ్మా. తప్పు నాది" అన్నాను.

"వద్దండి. పిల్ల చెరువు కేకని చెప్పిందండి. బేకరీలో చెరువుండదు కదండీ" అంది తల ఎత్తకుండా. గరిటె విదిలించి, "అయినా గొయ్యి తవ్వకుండా చెరువేటండి? తవ్వే పని మీరే చేసి పెట్టేరు" అంది.

ఆ మాట నన్ను పొడవడానికే అందో, తనకి తాను ధైర్యం చెప్పుకుందో నాకు ఇప్పటికీ అనుమానమే. వెళ్ళలేక అక్కడే గొడుగు పట్టుకుని నిలబడ్డాను. శంఖుపూలు నానబెట్టిన నీలం నీళ్ళని కొబ్బరిపాలలో పోసి, కాస్త కార్న్‌ఫ్లోర్ వేసి చిక్కగా కాచి, ఆ గుంటలో పోసింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. కొబ్బరి లౌజుతో వేలి కణుపంత రొయ్యలు చేసి అందులో వేసింది. ఒక్కొక్కదానికి తోక వంపు ఎక్కడ రావాలో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? నిలిచిన అంచులు గట్లయ్యాయి. గట్ల మీద ఆకుపచ్చ కొబ్బరి కోరు, కోరులో గుచ్చిన, కొబ్బరి ఈనెలతో చేసిన చెట్లు. ఐసు పుల్లలు చీల్చి, నీళ్ళు చిలికే ఏరియేటర్ చక్రాలు చేసింది. గంగబాబు పనికొచ్చే రెండు వేళ్ళతో పట్టుకుని వాటిని నిలబెట్టాడు. రేవతి నన్ను చూడనివ్వకుండా మూలన కూర్చుని లౌజుతో ఇంకేదో చేసుకుంటోంది. నాకు అదీ అనుమానంగానే ఉంది.

నాలుగింటికి పిల్లలొచ్చారు. నేను గేటు తీశాను. సంచులు చూడలేదు.

కేకు చూసి పిల్లలందరూ ఒక్కసారిగా అరిచారు. కోట కేకు పిల్ల కూడా వచ్చింది. వంగి చూసి, "నీళ్ళు కదులుతున్నాయే!" అంది. తరవాత గట్టు చివర వేలు పెట్టి, "ఇదెవరే?" అని అడిగింది. అక్కడ పుల్లల గేటు, గేటు పక్క లౌజు మనిషి, వాడి చేతిలో నల్ల కాగితం గొడుగు.

"మా తాతగారు. ఆయన చూడకుండా ఇక్కణ్ణుంచి ఏదీ పోదు" అంది రేవతి, గొప్పగా.

పిల్లలు నవ్వారు. నాగదుర్గ కంగారుగా నా వైపు చూసింది. నేను పనున్నట్టు పాకకి వచ్చేశాను.

తినడానికి ఆ కేకులో మిగిలినవి గట్లు మాత్రమే. అయిదుగురు పిల్లలకీ, రేవతికీ గట్టు ముక్క, గరిటెడు చెరువు చొప్పున పెడితే ఏం మిగులుతుందో నాకు తెలుసు. నేను లెక్కలు చూసే మనిషిని.

అయిదింటికి పిల్లల్ని సాగనంపడానికి నాగదుర్గ గేటు దాకా వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. పిల్లలు బయటికి పరుగెత్తారు. ఆమె మాత్రం నా ముందు ఆగి, రోజూ లాగే, నేను అడగకుండానే మూత తీసి డబ్బా నా ముందు పట్టుకుంది.

నా ప్రాణం చచ్చినట్టయింది. "అక్కర్లేదమ్మా, వెళ్ళు" అన్నాను.

"ఇది బయటికి కాదండి బాబాయిగారూ, మీకేనండి" అని, తన చేతిలో మూత చూసుకుని నాలిక్కరుచుకుంది. "అలవాటుగా తీసేసేనండి."

లోపల గట్టు మూల ముక్క. దాని మీద గొడుగు మనిషి చెక్కు చెదరకుండా నిలబడి ఉన్నాడు.

"మిమ్మల్ని ఎవ్వరూ తినకూడదని రేవతి అడ్డం కూచుందండి" అంది.

"నువ్వు తిన్నావా? గంగబాబు?"

"మాకేటండి, ఎప్పుడైనా చేసుకుంటాం" అంది. అబద్ధమని పసిపిల్లకైనా తెలుస్తుంది. ఆ ఒక్క అబద్ధాన్నీ నేను పట్టుకోలేదు.

డబ్బా అందుకుని, ఆమె చేతిలోంచి మూత తీసుకున్నాను. దాన్ని నేనే పెట్టాను.