మూడు గుప్పెళ్ళ సగటు

పలాసలో జీడిపిక్కల బస్తా కొనేవాడు అందులో ఎంత పప్పు వస్తుందో ముందే తెలుసుకోవాలి. అది చెప్పడం నా పని. బస్తా పైనుంచి ఒక గుప్పెడు, నడుమనుంచి ఒకటి, అడుగునుంచి ఒకటి తీసి, పిక్కలు కోయించి, పప్పు తూచి, మూడింటి సగటు చెబుతాను. తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఈ లెక్క నాకెవరూ నేర్పలేదు. ఇరవై ఆరేళ్ళుగా నా సగటు మీద బేరాలు తెగుతున్నాయి. తప్పు రాకుండా ఉండటానికి నాకొక అలవాటుంది. ఏ అంకె వచ్చినా వెంటనే నమ్మను, మళ్ళీ చూస్తాను.

దాన్ని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. పదో తరగతి ప్రైవేటుగా రాద్దామని ప్రతి ఏడూ అనుకుని, ఇంకాస్త చదివి రాద్దామని మానేశాను. బామ్మర్దీ నేనూ కలిసి టెక్కలి దారిలో చిన్న జీడిపప్పు యూనిట్ పెడదామనుకున్నాం. అతను షెడ్డు చూశాడు. ఏడాదికి ఎన్ని బస్తాలు ఆడించగలమో నేను మూడుసార్లు లెక్క కట్టాను. మూడుసార్లూ సరిపోయింది. నాలుగోసారి చూద్దామనుకునేలోపు షెడ్డు వేరేవాళ్ళు తీసుకున్నారు. నాది జాగ్రత్త అనుకున్నాను. అది భయమని తెలియడానికి రక్తం ఇవ్వాల్సి వచ్చింది.

మా ఊరు కవిటి పక్కన. క్రియాటినిన్ అంటే ఏమిటో మా దగ్గర ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అది రక్తంలో పెరిగితే కిడ్నీలు పాడవుతున్నట్టని అక్షరం రాని ముసలమ్మ కూడా చెబుతుంది. మా వీధిలో పదకొండు ఇళ్ళు. నాలుగింట్లో ఆ జబ్బు ఉంది. మా నాన్న కూడా దానితోనే పోయాడు.

బళ్ళో పెట్టిన వైద్య శిబిరంలో మొదటిసారి నాకు ఒకటి పాయింటు మూడు వచ్చింది. డాక్టరుని కలవమన్నారు. ఒక్క గుప్పెడుతో బస్తా సంగతి ఎలా చెబుతాం? పలాసలో ఇంకో లేబుకి వెళ్ళాను. ఒకటి పాయింటు రెండు. ఆ రోజు ఇంటికి మిఠాయి తెచ్చాను. తర్వాత టెక్కలిలో చేయించాను, మళ్ళీ పలాసలో, ఇంకోసారి టెక్కలిలో చేయించాను. పది నెలల్లో ఐదు కాయితాలయ్యాయి. డాక్టరు గుమ్మం మాత్రం తొక్కలేదు.

ఒక మధ్యాహ్నం అరుగు మీద ఆ కాయితాలు పరుచుకుని కూర్చున్నాను. కొబ్బరిబొండాలు దించడానికి వచ్చిన బామ్మర్ది పక్కన చతికిలబడ్డాడు.

"ఏటి బావా, రగతం కూడా బస్తాల్లెక్కన కొంతన్నావా?"

"సగటు సూత్తన్నాను."

"ఎంతొచ్చింది?"

"ఒకటి పాయింటు నాలుగు. మరీ అంత భయపడాల్సిందేటీ లేదు."

నా భార్య గుమ్మంలోకి వచ్చింది. "ఆ ఒక్క కాయితం పక్కనెట్టేసేరేటి?"

అందులో ఒకటి పాయింటు తొమ్మిది ఉంది. "అది పుచ్చు. ఆ మిషను సరిగా లేదు."

"తక్కువొచ్చినకాడ మిషను బాగుందా?"

బామ్మర్ది నవ్వబోయి ఆగాడు. "షెడ్డు పోయినప్పుడు నిన్ను తిట్టుకున్నాను బావా. మర్సిపోయాను. దీన్ని కూడా ఇంకోసారి సూత్తానంటే నాను మర్సిపోలేను."

"రేపు డాక్టరు దగ్గరికి ఎల్దాం," అంది నా భార్య, కాయితాలన్నీ ఏరుకుంటూ. "ఇవి నాను పట్టుకుంటాను. మీ సేతిలో ఉంటే దారిలో మీకు ఇంకో లేబు కనపడతాది."

మర్నాడు పలాసలో డాక్టరు ఆ కాయితాలు తీసుకుని బల్ల మీద పేర్చాడు. నేనెప్పుడూ ఏ లేబువి ఆ లేబుకి విడివిడిగా పెట్టుకునేవాణ్ణి. ఆయన తేదీల ప్రకారం పెట్టాడు. ఒకటి పాయింటు మూడు, రెండు, ఐదు, ఆరు, తొమ్మిది.

ఆ వరస మళ్ళీ మొదటినుంచి చదివాను. బస్తాలో పిక్కలు మారవు. నేను తీసే మూడు గుప్పెళ్ళూ ఒకే పూట తీసినవి, వాటిలో ముందూ వెనకా లేదు. రక్తానికి తేదీ ఉంది. ఎక్కే మెట్లకు నేను సగటు తీశాను. ఆ ఐదింటిలో ఈరోజు సంగతి చెప్పే కాయితం ఒక్కటే. పుచ్చని పక్కన పెట్టింది దాన్నే.

"మొదటిదానికే వచ్చి ఉండాల్సింది," అన్నాడు డాక్టరు. "నొప్పి మాత్రలు ఏమైనా వేసుకుంటున్నారా?"

"నడుం నొప్పికండి. రోజుకొకటి."

"ఎన్నాళ్ళుగా?"

ఎన్ని బస్తాలు తూచానో చెప్పగలను. ఎన్ని మాత్రలు మింగానో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. నా భార్య చెప్పింది, "మూడేళ్ళు దాటిందండి."

ఆ మాత్రలు కిడ్నీలకు చేటని ఆ రోజే ఆపమన్నాడు. బీపీ చూసి, అది ఎక్కువగా ఉందని మందు రాశాడు. నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించి రమ్మన్నాడు. తగ్గుతుందా అని అడిగాను. "ఇక్కడే ఆగితే చాలని చూద్దాం," అన్నాడు.

తిరుగు బస్సులో పది నెలలకు ఇంత పెరిగితే మా నాన్న చివరి అంకెకు చేరడానికి ఎన్ని నెలలని నా బుర్ర దానంతట అదే లెక్క మొదలెట్టింది. వేళ్ళు కదిలాయేమో, నా భార్య నా చేతి మీద చెయ్యి వేసింది.

"ఏటి లెక్కెడతన్నారు?"

"ఏటీ లేదు."

కవిటి వచ్చేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు.

రేపటితో ఆ నెల నిండుతుంది. నడుం నొప్పి ఓర్చుకుంటున్నాను. ముందు టెక్కలి వెళ్ళి ఒకసారి పరీక్ష చేయించుకుని, ఆ తర్వాత పలాస వెళ్తే బాగుంటుందన్న ఆలోచన పొద్దుట్నుంచి మూడుసార్లు వచ్చింది. వెళ్ళను. కాయితాలు నా భార్య పెట్టెలో ఉన్నాయి, తాళం ఆమె కొంగున ఉంది. ఉదయం మొదటి బస్సుకి ఇద్దరం డాక్టరు చెప్పిన ఒక్క లేబుకే వెళ్తాం. వచ్చిన అంకె ఎంతైనా, ఆ ఐదింటి తర్వాత ఆరోదిగా రాస్తాను.