క్యారియర్ మూతలో అవ్వ కళ్లు

నా చిన్నప్పుడు, పురసవాక్కంలోని మా స్కూల్లో మధ్యాహ్నం బెల్లు కొట్టే వేళకు అమ్మలంతా క్యారియర్లతో గేటు దగ్గర నిలబడి ఉండేవారు. వేడి అన్నం తెచ్చి, పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి, ముద్దలు తినిపించి వెళ్లేవారు. తొంభైల మొదట్లో మద్రాసులో అది మామూలే. కాకపోతే పిల్లలు ఒకటో తరగతి దాటాక చాలామంది మానేసేవారు. మా అమ్మ నేను నాలుగో తరగతికి వచ్చినా మానలేదు.

అన్నం పెట్టడంతో ఆగి ఉంటే బాగుండేది. ఆ వేళకు గేటు తెరిచే ఉండేది కాబట్టి అమ్మ క్లాసు దాకా వచ్చేది. నన్ను ఫ్యాను కిందికి మార్చమని, ఆటలకు పంపవద్దని టీచరుకు చెప్పేది. తప్పు చెబితే పిల్లలు నవ్వుతారు, నేను బెదిరిపోతాను, అందుకని బోర్డు దగ్గరకు కూడా పిలవవద్దంది. టీచరు సరేనన్నారు. ఆనాటి నుంచి ఆవిడ చూపు మా బెంచీ దాకా వచ్చి, నన్ను దాటుకుని పక్క అమ్మాయి మీదికి వెళ్లిపోయేది. నాకు జవాబు తెలిసినా అంతే. క్లాసులో ఉండీ లేనట్టే. ఆ సంగతి అమ్మకు ఎలా చెప్పాలో తెలిసేది కాదు.

ఒక రోజు అమ్మకు జ్వరం వచ్చి, మా అవ్వ, అంటే నాన్న వాళ్లమ్మ, క్యారియర్ తెచ్చింది. చేపల పులుసు. ముళ్లు తీసి, కలిపి తినిపించమని అమ్మ మరీ మరీ చెప్పి పంపిందట. అవ్వ గిన్నెలు విప్పి నా ముందు పెట్టింది. పై మూత మాత్రం చేతిలో ఉంచుకుని, నాకు వీపు పెట్టి మెట్టు మీద కూర్చుంది.

"ఈడ కాకులు శానా ఉండాయి అమ్మణ్ణీ. నేను వాటిని చూసుకుంటా, నువ్వు తిను."

ముల్లు గొంతులో పడితే ఎట్లా అన్నాను.

"నాలిక ఉండేది దానికే గదా. మెల్లిగా తిను."

కాసేపు వట్టి అన్నమే తిన్నాను. తర్వాత చేపముక్క వాసనకు ఆగలేకపోయాను. వేళ్లతో విడదీసి, కనిపించిన ముళ్లన్నీ గిన్నె అంచున పెట్టాను. ఒకటి తప్పించుకుని నాలుకకు గుచ్చుకుంది. అవ్వ భుజం కదిలింది గానీ ఆమె వెనక్కి తిరగలేదు. నేనే ముల్లు తీసి పక్కన పెట్టి, మళ్లీ తిన్నాను.

తలెత్తినప్పుడు చూశాను. అవ్వ చేతిలోని మూత కాకుల వైపు లేదు, నా వైపు వాలి ఉంది. తళతళలాడే ఆ స్టీలులో ఆమె కళ్లు నన్నే చూస్తున్నాయి.

"చూస్తానే ఉన్నావు కదా అవ్వా" అన్నాను.

"చూడకుండా ఎట్టుంటా? ఎదురుగా కూసోని చూస్తే నువ్వు తినవు."

ఆ మధ్యాహ్నం టీచరు గోడకు మ్యాపు తగిలించి, గోదావరి ఎక్కడో ఎవరు చూపిస్తారని అడిగితే చెయ్యెత్తాను. ఆవిడ తటపటాయించారు, మీ అమ్మగారు వద్దన్నారు కదా అన్నారు. అమ్మకు నేను చెప్పుకుంటాను మిస్ అన్నాను. లేచి వెళ్లి, ధైర్యంగా కావేరి మీద వేలు పెట్టాను. క్లాసంతా నవ్వింది. టీచరూ నవ్వి, నా వేలు పట్టుకుని పైకి జరిపారు. బెంచీకి తిరిగి వచ్చాను, బెదిరిపోలేదు. మర్నాడు ఆవిడ చూపు నా దగ్గర ఆగింది.

జ్వరం తగ్గాక అమ్మ మళ్లీ వచ్చింది. అవ్వ ఏం చెప్పిందో గానీ, ఈసారి అమ్మ కూడా నాకు వీపు పెట్టే కూర్చుంది. ముద్దముద్దకూ వెనక్కి తిరిగి చూసేది, అది వేరే సంగతి.

ఇప్పుడు మా పాప ఒకటో తరగతి. వాళ్ల స్కూల్లో వరండాలో పరుగెత్తకూడదు, గింజలున్న పండ్లు పంపకూడదు. ఇవి చాలవని తల్లుల గ్రూపులో రోజూ కొత్త కోరికలు. వాటిలో నావీ ఉన్నాయి. పాపను ముందు బెంచీకి మార్చమని టీచరుకు ఇందాక ఒక పొడుగాటి మెసేజ్ రాసి, పంపకుండా తుడిచేశాను. భయం పోయి కాదు. అవ్వకూ భయం ఉండే ఉంటుంది, లేకపోతే ఆ మూత ఎందుకు? రేపు పాపను గేటు దగ్గర దింపి రోడ్డు వైపు తిరిగి నిలబడతాను. పక్కన ఆగి ఉన్న ఆటో అద్దంలో, పాప లోపలికి వెళ్లేదాకా చూసుకుంటాను.