గుమ్మటానికి కట్టిన ముడుపు

బొంబాయి కామాటిపురా పన్నెండో గల్లీల భూదేవి నోటికి జడవనోళ్లు లేరు. డెబ్బై దాటినా గొంతు తగ్గలే. నల్లా కాడ వంతు తప్పినోళ్లను, మెట్ల మీద ఉమ్మేటోళ్లను ఒక్కరినీ వదలది. అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నది మాత్రం కింది ఒంటిగది ఖోలీల ఉండే పెంటమ్మ. ఇద్దరూ పాలమూరు నుంచి ఒకే బండిల వచ్చినోళ్లు, ఒకే మేస్త్రి కింద కాంక్రీటు మాలు తట్టలు మోసినోళ్లు. నడుమ ఒకనాడు పెంటమ్మ చెప్పా పెట్టకుండ పనిల నుంచి మాయమైంది. అది పనిదొంగ అని భూదేవి పేరు పెట్టింది. నలభై ఐదేండ్ల సంది ఆ వరుస గదుల చాల్ అంతా అదే పిలుపు, పిల్లలకైతే ఆమె పనిదొంగవ్వే. పెంటమ్మ ఫోరస్ రోడ్డు హోటళ్లల్ల గిన్నెలు తోమి బతికింది. మోచేతి మీది తేలు పచ్చబొట్టు కూడ వెలిసిపోయింది. ఒక్కనాడు మారుమాట అనలే.

భూదేవి మనుమరాలు స్నేహల్‌కు దాదర్ల తెలుగోళ్ల హాలుల ఉపన్యాసాల పోటీ వచ్చింది. దేశం ఏ బలంతోని అగ్రరాజ్యం అయితదో చెప్పాలె. పిల్లకు మరాఠీ వచ్చినంత తెలుగు రాదాయె, అందుకని ఆజీ, అంటే నాయనమ్మ, ముందట కూసోని చదివింది. అణుబాంబు ఉన్నోని మాటకే లోకంల విలువ అన్నది. బొగ్గు లేకుంట, చమురు లేకుంట కరెంటు తీసే దేశం ఎవ్వరికీ లొంగది అన్నది. సైంటిస్టుల పేర్లు, మంత్రుల పేర్లు చెప్పింది. మాలు మోసినోళ్ల ముచ్చట చెప్పలే. పుస్తకంల రాస్తే కద, పిల్ల చెప్పేటందుకు! ఆఖరుకు ఫోన్ల ఫోటో చూపెట్టింది: సముద్రం పక్కన, బోర్లించిన కుండ తీరు తెల్ల గుమ్మటం.

భూదేవి ఫోను గుంజుకున్నది. ఆ వెనక కొండ, ఆ వంపు ఆమెకు తెలుసు. అది తను మోసిన గుమ్మటమే. మాలు పోసుడు ఆగితే అతుకు పడ్తదని, ఆడోళ్లు వరుసగ నిలబడి చేతులు మార్చుకుంట తట్టలు పైకి పంపినరు. ఏం కడుతున్నమని అడిగితే నీళ్ల టాంకీ అన్నడు మేస్త్రి. ఇన్నేండ్లు ఆమెకు అది నీళ్ల టాంకీయే.

దాని లోపల అణువు పగులుతదని, గోడల వెంట్రుకంత బీట కూడ ఉండొద్దని స్నేహల్ విడమరిచి చెప్పింది. భూదేవి ఆ ఫోటో మళ్ల మళ్ల చూసింది. ఎందుకంటే ఆ గోడల ఆమె ముడుపున్నది.

కట్టడం లేస్తుంటే మైసమ్మకు ముడుపు కట్టుడు ఆ కూలోళ్ల పద్ధతి. పసుపు బట్టల నవధాన్యాలు, రాగి పైస మూటగట్టి, ఇంజనీరు కంట పడకుండ ఇనుప సీకుకు కట్టి, మీద మాలు పోస్తరు. అప్పుడు భూదేవికి ఐదో నెల. అంతకుముందు రెండు కడుపులు పోయినయి. గుమ్మటం నిలవాలె, నా కడుపు నిలవాలె అని మొక్కి పిడికెడంత ముడుపు కట్టింది. కడుపు నిలిచింది, స్నేహల్ నాయన నిలేష్ పుట్టిండు. కానీ బట్ట కుళ్లి, గింజలు కుళ్లి ఇప్పుడక్కడ పిడికెడంత బొక్క పడి ఉంటది కద! అయ్యో తల్లీ, బొంబాయినంత బుగ్గి చేసేటి పని చేసిన్నా అనుకున్నది. చెప్తే జైలుల ఏస్తరేమో, చెప్పకుంటే ఊరు కాలుతదేమో. నాలుగు దినాలు ముద్ద దిగలే. గల్లీల ఎవ్వరినీ తిట్టలే కూడ, దాంతో చాల్ అంతా భయపడ్డరు.

ఆదివారం దాదర్ పోయినరు. ముఖ్య అతిథి రిటైరైన తెలుగు ఇంజనీరు. కొత్తగ నౌకరి చేరినప్పుడు తను ఆ గుమ్మటం పని మీదనే ఉన్ననని చెప్పిండు. అంతే, చాయ్ తాగేకాడ భూదేవి ఆయన తొవ్వకు అడ్డం నిలబడి ఉన్నదంతా చెప్పేసింది. జైలైతే జైలు అన్నది.

"భయపడకమ్మా, అది గోడలో లేదు," అన్నడు ఆయన. "కాంక్రీటు పోసే ముందు ప్రతి కడ్డీ నేనే చూసేవాణ్ని. పొద్దున్నే కనబడింది, నా చేత్తోనే విప్పేశాను."

భూదేవికి పానం లేచొచ్చింది. దండం పెట్టబోయింది. ఆయన మాత్రం చాయ్ కప్పు కింద పెట్టిండు. కట్టిందెవరో చెప్పకుంటే ముఠానంత వెళ్లగొట్టుమని పైనుంచి హుకుం వచ్చిందట. కూలోళ్లను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి అడిగిండట, ఎవరు ఒప్పుకున్నరో బయట పొక్కనియ్యలేదట. ఆ పొద్దు భూదేవి నడుము నొప్పి లేసి డేరాల పండుకోని ఉండె, ఆమెకేం ఎరుక.

"ఒకావిడ నేనే కట్టానంది. ఆ పూటే గేటు బయటికి పంపించాం. మోచేతి మీద తేలు పచ్చబొట్టు. ఆమెను పనిలోంచి తీసేసిన కాగితం మీద సంతకం నాదే, అందుకే మరిచిపోలేదు."

ఆ తేలు పచ్చబొట్టు ఎవరిదో భూదేవికి ఎరుకే. టాక్సీల కూసోని లెక్క చూసుకున్నది. తన మొగడు బక్కయ్య అదే ముఠాల నిలిచి మేస్త్రి అయ్యిండు, రెండు ఖోలీలు కొన్నడు. ఆ ముఠాను నిలబెట్టిన మనిషికి తను ఏం పేరు పెట్టింది!

చాల్ చేరంగనే సీదా కింది ఖోలీకి పోయింది. పెంటమ్మ చాటల బియ్యం ఏరుతున్నది. భూదేవి ఆ గడప కాడ నిలబడి, గల్లీనంత దడిపించే గొంతు తగ్గించి అడిగింది.

"నాకెందుకు చెప్పలే పెంటక్కా?"

పెంటమ్మ తలెత్తలే. "చెప్తే నువ్వు పోయి ఒప్పుకుంటుంటివి. ఐదో నెల కడుపుతోని యాడికి పోతుంటివి పిల్లా?"

"మరి నేను అన్నన్ని మాటలు అంటుంటే..."

"అంటివి," అన్నది పెంటమ్మ. రాయి ఏరి పక్కకు పెట్టింది.

భూదేవి గడప మీదనే కూలబడి ఏడ్సింది. గప్పుడే వెనక నుంచి స్నేహల్ ఉరికొచ్చింది, చేతుల బహుమతి కప్పు.

"పనిదొంగవ్వా, నేను గెలిచిన!"

పెంటమ్మ ఆ పిలుపుకు ఎప్పటిలెక్కనే ఆఁ అని పలికి, కప్పు చూసేటందుకు చెయ్యి చాపింది.