అవ్వ దున్నించేసిన జనుము

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. వ్యవసాయ డిప్లొమా చేతబట్టుకుని, కోటగిరి పక్కన మా ఊళ్లో అప్పుడే దిగాను. మాకున్న రెండెకరాల్లోనూ ఆ ఏడు పసుపు విరగపండింది. మరుసటి ఏడు బాపు ఒక ఎకరం నాకిచ్చి, "నీ సదువు గీ చేన్ల పెట్టి సూడు" అన్నాడు. రెండోది బాపు తల్లి, మా అవ్వ చేతిలో ఉండిపోయింది. ధర బాగుంది కదా అని నేను మళ్ళీ పసుపే వేసి, ఆ డబ్బుతో కురుస్తున్న ఇంటికప్పు మార్పిస్తానని ఊరంతా చెప్పుకున్నాను. (పంట మార్చాలన్న పాఠం నేనూ చదివాను, మంచి మార్కులే వచ్చాయి, ధర చూశాక అది పరీక్ష కోసమేమో అనిపించింది.) అవ్వ మాత్రం జనుము చల్లి, నడుము దాకా ఎదిగి పూతకొచ్చిన రోజున మొత్తం దున్నించేసింది. వానాకాలం పంట మట్టిపాలు చేశావని నేను లబోదిబోమన్నాను.

"నువ్వు నీకు పంటేసుకున్నవ్. నేను భూమికి బువ్వ పెట్టిన" అంది తాపీగా.

దసరా దాటగానే నా పసుపు ఆకులు పాలిపోయాయి. ఆకలేమోనని యూరియా వేశాను, ఇంకా పాలిపోతే ఇంకా వేశాను. అడిగినవాళ్లకు పంట ముందే ముదురుతోందని చెప్పాను. తవ్వే రోజు బాపు మొదటి కుదురు లేపితే దుంప కుళ్లి చేతిలోంచి జారిపోయింది. బాపు చెయ్యి పంచెకు తుడుచుకుని రెండో కుదురు లేపాడు. తిట్టినా బాగుండేది.

అవ్వ నా చెయ్యి పట్టుకుని తన చేన్లోకి తీసుకెళ్లింది. జనుము దున్నిన చోట వేసిన మక్క, అదే మొక్కజొన్న, నా తల దాటి ముదురుపచ్చగా నిలబడి ఉంది. వేళ్లతో ఒక మట్టిపెడ్డ లేపి నా ముక్కు దగ్గర పెట్టింది. తొలకరి వాసన, లోపల వానపాములు మెదులుతున్నాయి. కాలేజీలో ఎన్ని మట్టి పరీక్షలు చేసినా అంత ప్రాణమున్న మట్టిని చూడలేదు. 

"ఒక కారు పంట తియ్యక ఊకుంటె మనకు నష్టమే, నాకెర్కలేదా? గని భూమి అలిసిపోతె గిట్లైతది బిడ్డా."

కప్పు ఆ ఏడు మారలేదు. తొలి వానకు సరిగ్గా నా మంచం మీదే కురిస్తే, అవ్వ నవ్వకుండా తపేలా తెచ్చి పెట్టింది.

ఇప్పుడు బోధన్ వైపు రైతులకు పంట మార్పిడి చెప్పడమే నా ఉద్యోగం. ఒక కారు వదులుకుంటే ఇల్లెట్లా గడుస్తుందని అడుగుతారు. కష్టమేనని ఒప్పుకుని, ఒక పెడ్డ లేపి చేతికిస్తాను. అన్నీ తెలిసిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. మాది ఇప్పుడు స్లాబు ఇల్లే. అయినా వాన మొదలైతే మంచం కాస్త పక్కకు జరుపుకుంటాను.